సందేహం

పులియాంతోపులో మా కార్పొరేషన్ బడి, ఐదో తరగతి గది.
శనివారం సాయంత్రం ఆరింటికి
పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు కూర్చున్నారు.
ఇన్‌స్పెక్టర్ తిరునావుక్కరసు గారి మోకాళ్లు
ఆయన గడ్డం దాకా వచ్చాయి.
ఎవరో పిల్లవాడు నవ్వాడు. వాళ్లమ్మ గిల్లింది.

నన్ను మధ్యలో నిలబెట్టారు.
అటు తమిళం, ఇటు తెలుగు,
నడుమ నేను, ముప్పై ఒక్క ఏళ్ల సుద్దముక్క పొడి.

ఆయన మొదటి మాట, సందేగం.
సందేగం మీద పట్టుకొచ్చాం, విచారించాం, వదిలేశాం.
ఇమ్మాన్యుయేలు మీద కేసేమీ రాయలేదు.
రెండు రాత్రులు. అంతే. సందేగం.

నాకు పెద్ద పని పడలేదు.
'గ' తీసి 'హ' పెట్టాను.
మన మాటే అయింది.

వెనక బెంచీలోంచి పెంచలమ్మ లేచింది.
ఆకుపచ్చ డ్యూటీ కోటు విప్పకుండానే వచ్చింది.
వీపు మీది పట్టీ ట్యూబులైటుకి మెరుస్తోంది,
చీకట్లో లారీ గుద్దకుండా ఇచ్చిన మెరుపు.

"అయ్యా, మా వోడు ఈ గదిలోనే చదివినాడు.
సందేహం వస్తే చెయ్యెత్తరా అని ఈ టీచరే చెప్పింది.
మీకాడ సందేహం వస్తే
మీరే చెయ్యెత్తినారంట."

తమిళంలో ఆ రెండు చేతులకీ రెండు మాటలు.
రెండూ చెప్పాను.
ఆయన తన చేతుల్ని బల్ల కిందికి దించుకున్నారు.

జీపు చూసి ఎందుకు పరిగెడతారు మరి, అడిగారాయన.
తెల్లారుజామున మూడున్నరకి, గల్లీలో, కుర్రాడు?

"మస్టర్‌కి ఆలస్యమైతే సగం కూలీ కోత సార్.
నాకు మోకాలు లేవదు. చీపుర్లు వోడే మోస్తాడు.
మీ జీపు కోసరం కాదు, మేస్త్రీ గడియారం కోసరం
పరిగెత్తినాడు."

బడి తరఫున మేమేం చెయ్యగలం, అన్నారు
హెడ్మిస్ట్రెస్ కర్పగం గారు, మర్యాదగానే.
పెంచలమ్మ నా వైపు తిరిగింది.

"ఈ టీచరమ్మనే అడగండి.
బళ్లో ఏసిన రోజు వోడి పేరు కంటే ముందు
మీ నాయినది ఏం పనిరా అనింది.
టేషన్లో కూడా ముందు అదే అడిగినారంట.
దొడ్డి గొట్టం మూసకపోతే వోణ్ణే పిలిచింది,
నీకైతే తెలుస్తాదిలే అని."

పేరు చెప్పాను. పని చెప్పాను. స్టేషన్ సంగతి చెప్పాను.
చివరిది గొంతు దాటి రాలేదు.
అంతేనా, అన్నారు కర్పగం గారు.
అంతే, అన్నాను.

కిటికీ పక్కన ఒక చెయ్యి లేచింది.
మణికట్టు వాపు ఇంకా తీయలేదు.
"టీచర్, ఒక వాక్యం వదిలేశారు."

తమిళంలో వాడే చెప్పాడు,
గొట్టం, వాసన, తలుపు బయట నేను,
నీకైతే తెలుస్తాదిలే.
ఒక్క తప్పు లేదు.
ఆ భాష వాడికి నేను నేర్పింది కాదు.

తర్వాత నల్లబల్ల మీద ఏవో రాశారు.
నెలకోసారి కలవాలి. రాత్రి పట్టుకొస్తే ఇంటికి కబురు చెయ్యాలి.
మూడోది రాసేలోపు టీ వచ్చింది.
తాగాక, ఖాళీ కప్పులు పట్టుకుని
అందరూ ఒక్కసారి పెంచలమ్మ వైపు చూశారు.
చూసినట్టు వాళ్లకి తెలీదు.
ఆమె చేతులు కోటు జేబుల్లోంచి రాలేదు.
ఇన్‌స్పెక్టర్ గారి కప్పు కిటికీలో ఉండిపోయింది.
ఆదివారమంతా అక్కడే ఉంది.

సోమవారం కొత్త పిల్ల చేరింది.
రిజిస్టర్ తెరిచి, కలం మూత తీసి,
నోరు తెరిచాను.
ముందు ఏ మాట వస్తుందో
నాకే సందేహం.